నీళ్ళ నడుమ మన్ను అడిగినవాడు

ఆ ఉదయం మామూలుగానే తెల్లారింది. వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గు వేశాను. స్నానం చేసి తులసి దగ్గర దీపం పెట్టాను. నామం చెప్పుకుంటూ పొయ్యిలో బూడిద తోడితే, రాత్రి కప్పెట్టిన పిడక అడుగున ఎర్రగా ఉంది. దాన్ని ఊదుకుని సజ్జ గంజి కాచాను. ఇంటాయన తాగి మిరపకాయల మండీకి వెళ్ళిపోయారు. నేను తిన్నెమీద కూర్చుని పత్తిలో ఎండాకులు ఏరుతున్నాను. విరుదునగర్‌లో మా వీధి స్టేషనుకు దగ్గర. తూత్తుకుడి నుంచి వచ్చే పొద్దుటి బండి కూత వేసినప్పుడు లేచి పొయ్యిమీది పప్పు కుండ దించడం నాకు అలవాటు. ఆ రోజూ దించాను.

మళ్ళీ తిన్నె దగ్గరికి వచ్చేసరికి వాకిట్లో మా పుట్టింటి ఊరి మంగలి నిలబడి ఉన్నాడు. పైగుడ్డ తీసి నడుముకు చుట్టుకున్నాడు.

“పెద్దక్కా, ఊరికి రమ్మనినారు.”

“ఎవురికిరా?”

“మీ తమ్మునికి ఒళ్ళు బాగలేదు.”

“ఊపిరి ఉండాదా?”

వాడు ముగ్గుకేసి చూస్తూ ఉండిపోయాడు. “మొదలు రెండు గుక్కలు నీళ్ళు తాగక్కా,” అన్నాడు.

నేను తాగలేదు. లోపలికి వెళ్ళి పొయ్యిలో నిప్పుమీద రెండు గుప్పెళ్ళ మన్ను వేశాను. ఇల్లు తాళం వేసి వెళ్ళేటప్పుడు మా వాళ్ళు చేసే పని అది. తర్వాత చీర మార్చుకుని, ఇంటాయనకు కబురు పంపమని పక్కింట్లో చెప్పి, వాడి వెంట స్టేషనుకు నడిచాను.

మా తమ్ముడు పోయాడు. ఈ మాట రాయడానికి నాకు ఆరు రోజులు పట్టింది.

నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడు. నా చంకలో పెరిగాడు. ముందు రోజు సాయంత్రం బండికి పత్తి మూటలు ఎత్తిస్తున్నాడట. “ఎడమ పక్క బరువు ఎక్కువాయె, ఒకటి ఇటు జరపండి,” అని చెప్పి, బండి నొగ పట్టుకుని కింద కూర్చున్నాడట. వాళ్ళు మూట జరిపి, “ఇప్పుడు సరిగా ఉండాదా సామీ?” అని అడిగితే బదులు రాలేదు.

వాడి గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. ఏది ముందో ఏది వెనకో నాకు తేలడం లేదు. కొన్ని సంగతులు నేను చూసినవి, కొన్ని వాడు చెప్పినవి. వాడు చెప్పినవాటిలో కొన్ని వాడే మళ్ళీ వేరే విధంగా చెప్పాడు. ఎట్లా విన్నానో అట్లాగే రాస్తాను.

మా ఊరు కోవిల్‌పట్టి నుంచి కయత్తారు పోయే దారిలో ఉంది. అంతా నల్లమన్ను. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. వాన పడితే పత్తి, జొన్న; పడకపోతే ఏమీ లేదు. బావిలో నీళ్ళు లోతు, అవీ ఉప్పు. తాగే నీళ్ళు అరమైలు నుంచి మోసుకురావాలి. అందుకని ఇంట్లో నిప్పు అంటుకుంటే మేము నీళ్ళకోసం పరిగెత్తం. గడ్డివాము పక్కన, పత్తి పోసిన గది గుమ్మం పక్కన, పొయ్యి వెనక, ఎప్పుడూ మన్ను కుప్ప పోసి ఉంటుంది. “నీళ్ళు గొంతుకు, మన్ను నిప్పుకు,” అనేది మా అమ్మ.

వాడికి ఆరేళ్ళప్పుడు పత్తి గదిలో దీపపు సెమ్మె పడి ఒక మూల అంటుకుంది. వాడొక్కడే దగ్గర ఉన్నాడు. తాగే నీళ్ళ బిందె ఈడ్చుకువెళ్ళి మొత్తం కుమ్మరించాడు. మంట పోయింది. తెలివైన పని చేశానని గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ వచ్చి లాగి ఒకటి వేసింది.

“ఆర్పినాను కదమ్మా!” అని ఏడ్చాడు.

“ఆరలేదురా. దాక్కుంది,” అంది అమ్మ.

నిజమే. పైన తడిసిన పత్తి లోపల నిప్పు దాచుకుంది. రెండు రోజులు పొగ వచ్చింది. కుప్ప మొత్తం బయటికి లాగి, పరిచి, మన్ను కప్పాల్సి వచ్చింది. పత్తీ పోయింది, ఆ రోజుకు తాగే నీళ్ళూ పోయాయి. ఆ తర్వాత ఊళ్ళో ఎక్కడ నిప్పన్నా “మన్ను! మన్ను!” అని అందరికంటే ముందు అరిచేది వాడే. ఆ దెబ్బ వాడి ఒంట్లోకి దిగిపోయింది.

అటువంటివాడికి పడవతో ఏం పని అని మీరు అడగవచ్చు. మేమూ అడిగాం. వరసగా మూడేళ్ళు వాన లేని కాలంలో, ఉన్న కొద్ది పత్తి బండిమీద వేసుకుని తూత్తుకుడి వెళ్ళాడు. రెండు రోజుల్లో రావలసినవాడు అయిదు రోజులకు వచ్చాడు. సముద్రపు ఒడ్డున ఒక చేపల పడవకు పలకలు మారుస్తుంటే చూస్తూ కూర్చుండిపోయాడట.

“అమ్మా, అక్కడ దున్నకుండానే పంట తీస్తారే!” అన్నాడు.

“విత్తకుండా కోసేవాణ్ణి మన ఊళ్ళో దొంగ అంటారురా,” అంది అమ్మ.

ఆ పడవ కథ తర్వాత తండల్ నోటనే విన్నాను. తండల్ అంటే పడవ నడిపే పెద్ద. మెడలో సిలువ ఉన్న జపమాల వేసుకునే కిరస్తానీ మనిషి, మాటకు ముందు నవ్వే మనిషి. అతనికి అరవం తప్ప రాదు. అతని మాటలు నేను తెలుగులో రాస్తున్నాను. ఆ పడవ అతని నాయన కట్టినది. మొదట దానిమీద శంఖాలకోసం మునిగేవాళ్ళను తీసుకువెళ్ళేవాళ్ళు. తర్వాత చేపల వలలు. ఒక ఏడు తాటిబెల్లం మోసి లంక దాకా వెళ్ళి వచ్చింది. ఒక గాలివానకు స్తంభం విరిగింది. అడుగు పలకలు పురుగు తొలిచేసింది. పాడైన పలక తీసి కొత్త పలక వేస్తూ, వేస్తూ, చివరికి “మా నాయన పెట్టినదాంట్లో ముందరి కొయ్య ఒక్కటే మిగిలింది అక్కా. అయినా అది ఆ పడవే,” అన్నాడు తండల్.

మా తమ్ముడు అతనితో పొత్తు కలిశాడు. మా చేని పత్తిని అరుప్పుకోట్టైలో నేయించి తెరచాప గుడ్డ చేయించాడు. వలలకు నూలు మా ఇంటి ఆడవాళ్ళం వడికాం. ఆ వలలను తుమ్మచెక్క కాచిన నీళ్ళలో ముంచి ఎర్రగా ఆరవేసేవాళ్ళట. పడవకు వాళ్ళు పెట్టిన పేరు ఒక పునీతుడిది. మా తమ్ముడు మాత్రం దాన్ని “నల్లావు” అనేవాడు. ఒడ్డుకు వెళ్ళినప్పుడల్లా ఎద్దు పక్కను తట్టినట్టు దాని పక్కను తట్టేవాడు. ఒకసారి పసుపు కుంకుమ కూడా పెట్టాడు.

“నాయక్కరయ్యా, ఎంత తట్టినా అది పాలివ్వదు,” అని తండల్ నవ్వేవాడట. మా కులంవాళ్ళను అక్కడ నాయక్కర్ అనే పిలుస్తారు.

“మా ఊళ్ళో ఆవులు కూడా ఇవ్వవులే,” అనేవాడట వీడు.

ఆ రెండు మూడేళ్ళు వాడు సంతోషంగా ఉన్నాడు. వచ్చినప్పుడల్లా తాటాకు బుట్టలో ఎండుచేప తెచ్చేవాడు. గాలి ఏ మూల నుంచి వస్తే చేప ఎటు పోతుందో నాకు చెప్పేవాడు. నాకు అర్థమయ్యేది కాదు. ఊ కొట్టేదాన్ని.

నిప్పు సంగతి ఇప్పుడు చెప్పాలి.

పడవ అడుగున రెండు పక్కలా ఇసుక మూటలు వేస్తారు. లోపల చేప లేనప్పుడు గాలికి ఒరిగిపోకుండా ఆ బరువు పడవను పట్టుకుంటుంది. రెండు పక్కలా సమంగా ఉండాలి. తండల్ చెప్పకుండా ఒక్క మూట కూడా కదపకూడదు. ఇది ఆ ఒడ్డున చిన్నపిల్లలకు కూడా తెలుసునట. మా తమ్ముడికీ తెలుసు.

ఆ రోజు పడవలో ఏడుగురు. మా తమ్ముడు, తండల్, తండల్ తమ్ముడు, ఇంకా నలుగురు. మా తమ్ముడు వేటకు వెళ్ళడం అది మూడోసారి. ఒడ్డు కనపడనంత దూరంలో, మధ్యాహ్నం, అన్నం వండుతున్నారు. మట్టి పొయ్యి. అల ఒకటి పక్కనుంచి కొట్టింది. పొయ్యి బోర్లపడి, నిప్పులు ఎడమ పక్కన మడిచి పెట్టిన తెరచాపమీదికి దొర్లాయి. దాని పక్కనే లాంతర్ల కిరసనాయిలు డబ్బా. అదీ ఒలికింది. ఒకడు సముద్రంలో బాల్చీ ముంచి నీళ్ళు కొట్టాడు. కిరసనాయిలు నీళ్ళమీద తేలి, మంటతో సహా వలల మీదికి పారింది.

అప్పుడు మా తమ్ముడు “మన్ను! మన్ను!” అని అరిచాడు. చుట్టూ లోకంలో ఉన్న నీళ్ళన్నీ ఉండగా వాడు మన్ను అడిగాడు.

కుడి పక్కనున్న ఇసుక మూటలు కోశారు. ఎడమ పక్కన మంటమీద పోశారు. నాలుగు మూటలని ఒకరు, ఆరని ఒకరు. మంట ఆరింది. నిజంగానే ఆరింది, ఈ ఒక్క మాటలో అందరూ ఒకటే చెప్పారు. ఒకరినొకరు చూసుకుని నవ్వారట కూడా. ఆ తర్వాత గాలి మళ్ళింది. కుడి పక్క బరువు పోయి, ఎడమ పక్కకు చేరి ఉంది. పడవ ఎడమకు ఒరిగి తిరగబడింది. తండల్ తమ్ముడు ఇంకో మూటకోసం అడుగున వంగి ఉన్నాడు. వలలు అతనిమీద పడ్డాయి. ఆరుగురు పైకి తేలి, తిరగబడిన పడవ వీపు పట్టుకున్నారు. సాయంత్రానికి వేరే పడవవాళ్ళు చూశారు. తండల్ తమ్ముడు మాత్రం దొరకలేదు.

వాడు ఊరికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. కోవిల్‌పట్టి స్టేషను నుంచి నడిచి వచ్చాడు. అరచేతులు బొబ్బలు, కనుబొమలు కాలి ఉన్నాయి. అమ్మ అప్పటికి కళ్ళు సరిగా కనపడని ముసలిది. తడిమి చూసింది.

“నిప్పా?”

“నిప్పేనమ్మా.”

“మన్ను వేసినావా?”

“వేసినానమ్మా.”

“ఆరిందా?”

“ఆరింది.”

“మరి యాల ఏడుస్తావు?”

“మన్ను వేసినందుకే.”

అమ్మకు ఇది అర్థం కాలేదు. చెప్పినా ఒప్పుకోలేదు. “నిప్పుకు మన్ను వేసినవాడిది తప్పెట్లా అవుతుందిరా?” అని చనిపోయేదాకా అడుగుతూనే ఉంది.

ఆ రోజే నేను వాడి చేతులకు వెన్న రాస్తూ, “ఇసుక తియ్యమని ఎవురు చెప్పినారు?” అని అడిగాను. వాడు చాలాసేపు ఆలోచించాడు. “ఎవురో చెప్పినారు అక్కా. ఎవురని గుర్తులేదు. నా చేతులు వాటంతట అవే మూటలమీదికి పోయినాయి,” అన్నాడు. రెండు వారాల తర్వాత అడిగితే, “ఎవురూ చెప్పలేదు. నేనే తీసినా. అడగనైనా లేదు,” అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడడిగినా అదే మాట.

తండల్ ఏటా పంట అయ్యాక నూలుకోసం మా ఊరికి వచ్చేవాడు. ఒడ్డుకు లాక్కొచ్చిన పడవలో కాలని పలకలు ఏరి, వాటితో ఇంకా చిన్న పడవ కట్టుకున్నాడు. వచ్చినప్పుడల్లా తిన్నెమీద వీళ్ళిద్దరికీ ఒకటే తగాదా. ఒకటి రెండుసార్లు నేనే విన్నాను.

“తండల్ మాట లేకుండా పడవలో ఇసుక కదలదు నాయక్కరయ్యా. మీరు మన్ను అన్నారు. నేను తీసుకోండి అన్నాను. నోరు నాది.”

“నువ్వు చుక్కాని దగ్గర ఉండావు. నీ మాట నాకు వినబడనే లేదు.”

“వినబడింది. తల ఊపారు.”

“ఊపలేదు. నువ్వు మంచి అబద్ధాలకోరువి తండలూ.”

“మీరు చెడ్డ అబద్ధాలకోరు. అదే తేడా.”

తర్వాత మా మరదలు, వాడి భార్య, గంజి తెచ్చి పెడితే ఇద్దరూ తాగేవాళ్ళు. చచ్చిపోయినవాడు తండల్ సొంత తమ్ముడు. తప్పు ఎదుటివాడిదంటే ఊరు నమ్ముతుంది. అయినా అతను తనమీద వేసుకున్నాడు. మా తమ్ముడు తనమీద వేసుకున్నాడు. ఇద్దరిలో ఒకరు నిజం చెప్పడం లేదు. ఒక్కోసారి ఇద్దరికీ గుర్తులేదేమో అనిపిస్తుంది. నవ్వుకునేంత సమయం ఉన్నప్పుడు ఇసుక మళ్ళీ సర్దుకోవడానికి ఎందుకు లేకపోయింది? దీన్ని నేను రెండుసార్లు అడిగాను. మా తమ్ముడు, “కంటిరెప్ప వేసినంతసేపే అక్కా,” అన్నాడు. తండల్, “ఒక బీడీ కాల్చినంతసేపు ఉంది,” అన్నాడు. పన్నెండేళ్ళుగా పొద్దున దీపం దగ్గర కూర్చున్నప్పుడు ఈ రెండు మాటలూ నా మనసులోకి వస్తాయి. దేవుణ్ణి అడిగాను. ఆయనా చెప్పలేదు.

ఆ తర్వాత వాడు సముద్రం మొహం చూడలేదు. చేప తినలేదు. తూత్తుకుడికి పత్తి వేరేవాళ్ళ బండ్లమీద పంపేవాడు. తండల్ తమ్ముడి భార్యను చూడాలని మాత్రం రెండుసార్లు వెళ్ళాడు. “వాళ్ళ వీధి మొదట్లో ఒక రాతి తొట్టి ఉండాది అక్కా. అక్కడిదాకా పోతాను. ఆమీట కాళ్ళు రావు,” అన్నాడు. రెండుసార్లూ అక్కడి నుంచే తిరిగి వచ్చాడు. ఆమె తనను ఏమంటుందో అని కాదట. ఏమీ అనకపోతే ఎట్లా అని.

మిగతా విషయాల్లో వాడు ఎప్పటిలాగే ఉన్నాడు, కాకపోతే రెండు కొత్త అలవాట్లు వచ్చాయి. ఏ ఇంటికి వెళ్ళినా మొదట పొయ్యి ఎక్కడుందో చూసేవాడు, తర్వాత మన్ను ఎక్కడుందో చూసేవాడు. పెళ్ళిళ్ళలో వాణ్ణి వెతకాలంటే వంటవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. పక్కన మన్ను తట్ట పెట్టుకుని కూర్చుని ఉండేవాడు. చుట్టాల పిల్లలు “మన్ను మామ” అని పిలిచేవాళ్ళు. వాడు కోపగించుకోలేదు. “అవునురా, మన్ను మామనే. మీ మామ ఉండాడు కాబట్టి మీకు పాయసం ఉండాది,” అనేవాడు.

రెండోది బరువు. బండి ఎక్కితే మూటలు సర్దేదాకా ఎద్దులను కదలనిచ్చేవాడు కాదు. కావడి మోసేవాణ్ణి ఆపి రెండు తట్టలూ చూసేవాడు. ఒకసారి మా ఇంటికి వచ్చి, అటకమీద నేను పెట్టిన కుండలన్నీ దించి మళ్ళీ పెట్టాడు.

“అది గోడరా, ఒరగదు,” అన్నాను.

“అవునక్కా,” అన్నాడు. అయినా పెట్టడం ఆపలేదు.

వాడు చెడ్డ మాట అన్నవాడు కాదు. ఎవరికి సాయం చేసినా చెప్పుకున్నవాడు కాదు. అంతకంటే గొప్ప మాటలు వాడికి నప్పవు.

దహనం నేను వెళ్ళిన రోజే అయింది. మూడో రోజు ఎముకలు ఏరి కుండలో పెట్టారు. మా వాళ్ళు తామ్రపర్ణిలో కలుపుతారు. కుండ తీసుకుని వెళ్ళాల్సిన రోజు మా మరదలు అడ్డం నిలబడింది.

“వదినా, ఆయన నా దగ్గర మాట తీసుకున్నాడు,” అంది.

నిరుడు జ్వరం వచ్చినప్పుడు చెప్పాడట: “నా ఎముకలు ఆ నీళ్ళలో వెయ్యొద్దు. ఏట్లో వేసినా అది అక్కడికే పోతుంది. వాడి దగ్గరికి నేను ఏ మొహం పెట్టుకుని పోయేది? మన చేనులోనే పూడ్చండి.”

పురోహితుడు కూడదన్నాడు. కాల్చినవాణ్ణి మళ్ళీ పూడ్చడం ఎక్కడా లేదన్నాడు. మేనల్లుడు, “నాయన మాట నాయన మాటే పెద్దత్తా. శాస్త్రం ఆ తర్వాత,” అన్నాడు. నేను ఎటూ చెప్పలేకపోయాను. నీళ్ళలో కలవనివాడికి గతి ఉండదని నేను నమ్ముతాను. మా తమ్ముడి చివరి మాట తీసిపారెయ్యడం కూడా నాకు చేతకాదు. కుండ రెండు రోజులు పత్తి గదిలో ఉట్టిమీదే ఉండిపోయింది.

నిన్న పొద్దు వాలుతుండగా తండల్ వచ్చాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు, తిన్నె చివర కూర్చున్నాడు. కాసేపు ఏడ్చాడు. తర్వాత కుండ ఎక్కడుందని అడిగాడు. మేనల్లుడు సంగతి చెప్పాడు.

“అందుకే వచ్చాను,” అన్నాడు తండల్. “మా తమ్ముడి భార్య చెప్పి పంపించింది. ఆయన్ను ఆ సముద్రానికే పంపించమంది. ‘మా ఆయన పన్నెండేళ్ళుగా అక్కడ ఒక్కడే ఉన్నాడు. ఇసుక ఎవరు తియ్యమన్నారో వాళ్ళూ వాళ్ళూ తేల్చుకుంటారు, మనకెందుకు’ అంది.”

మేనల్లుడు ఆగలేకపోయాడు.

“ఈ మాట ముందే చెప్పి ఉంటే మా నాయన పన్నెండేళ్ళు అట్లా ఉండేవాడా?”

“నేను ఏటా చెప్పలేదా బాబూ? నా మాట నమ్మాడా మీ నాయన?”

“మీ మాట సరే. ఆమె మాట?”

తండల్ తల దించుకున్నాడు. “ఆమె ఇన్నాళ్ళూ ఏమీ అనలేదు. ఆయన పోయారని వినగానే అంది. ఎందుకో నాకూ తెలియదు,” అన్నాడు.

గడప లోపల గోడకు ఆనుకుని కూర్చున్న మా మరదలు అప్పుడు నోరు తెరిచింది. ఈ ఆరు రోజుల్లో ఆమె అంత పెద్దగా మాట్లాడడం నేను వినలేదు.

“వదినా, ఆయన ఎవురికి బయపడి ఆ మాట తీసుకున్నాడు? ఆమెకు. ఆమే రమ్మంటా ఉండాది. ఇంక మనం యాల అడ్డం?”

“మాట ఇచ్చినావు కదమ్మా,” అన్నాడు కొడుకు.

“ఇచ్చినా. తప్పుతా. ఆ పాపం నాకు రానీ. నీకెందుకు?” అంది. తర్వాత నా వైపు తిరిగి, “పెద్దదానివి నువ్వు, చెప్పు,” అంది.

నేను కళ్ళు మూసుకున్నాను. నామం చెప్పుకున్నాను. ఎప్పటిలాగే ఏమీ తెలియలేదు. కళ్ళు తెరిచి తండల్‌ను అడిగాను: “ఇప్పుడు వాడు లేడు. వాడు వినడు. నిజం చెప్పు. ఎవరు తియ్యమన్నారు?”

“నేనే అక్కా,” అన్నాడు. నా కళ్ళలోకి చూడలేదు. నేలను చూస్తూ అన్నాడు. నిజం చెప్పేవాడూ అట్లా చూస్తాడు, అబద్ధం చెప్పేవాడూ అట్లా చూస్తాడు.

“సరే, తీసుకుపోదాం,” అన్నాను.

మేనల్లుడు లోపలికి వెళ్ళి కుండ దించుకుని వచ్చాడు. దాన్ని తిన్నెమీద పెట్టి పక్కన నిలబడ్డాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అన్నీ తేలాయి. శుక్రవారం పొద్దుటి బండికి తూత్తుకుడి వెళ్ళాలి. మా మరదలు ఈ రోజుల్లో గడప దాటకూడదు కనుక రాదు. ఆమెకు బదులు నేను పడవ ఎక్కాలి. మా ఇంటి ఆడవాళ్ళెవరూ ఎక్కినవాళ్ళు లేరు. తండల్ చుక్కాని పడతాడు. మేనల్లుడు వస్తాడు. పురోహితుణ్ణి పిలవకూడదు, పిలిస్తే కిరస్తానీల పడవలో ఆడది వెళ్ళి కలపడం కూడదంటాడు. మంత్రం బదులు నాకు వచ్చిన నామమే నేను చెప్పాలి.

“మా తమ్ముడి భార్య కూడా వస్తానంటోంది,” అన్నాడు తండల్. “చిన్న పడవ. కూర్చోవడం చూసుకోవాలి.”

తిన్నెమీద దుమ్ములో వేలితో పడవ గీశాడు. గాలికి గుమ్మం దాకా కొట్టుకొచ్చిన పత్తిగింజలు నాలుగు ఏరాడు. వెనక ఒకటి పెట్టి, ఇది నేను అన్నాడు. ముందు ఒకటి పెట్టి, ఇది పిల్లాడు అన్నాడు. మిగిలిన రెంటినీ చేతిలో ఉంచుకుని నన్ను పైనుంచి కిందికి చూశాడు, మూట బరువు చూసినట్టు.

“ఆమె మీకంటే కొంచెం సన్నం. పరవాలేదు, ఆమె వైపు ఇంకో ఇసుక మూట వేస్తాను. మీరు ఎడమ పక్క, ఆమె కుడి పక్క, ఎదురెదురుగా. కుండ ఎవరి ఒళ్ళోనూ వద్దు, నడుమ పెట్టాలి. వెళ్ళి వచ్చేదాకా మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అట్లాగే కూర్చోవాలి అక్కా. ఎవరు లేచినా పడవ ఒరుగుతుంది.”

లేవనని చెప్పాను.